ఏ ఒరిజినల్‌ని ముట్టుకోవద్దంటున్నారు?

పాత ఆల్బమ్ ఏదైనా రీమాస్టర్ అయి, అంటే పాత టేపు నుంచి ధ్వనిని కొత్తగా సవరించుకుని, మళ్లీ బయటికొస్తే చాలు, తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. కొత్త సీసాలో పాత సారా అంటారు. కంపెనీకి డబ్బు యావ అంటారు. ఒకసారి జనం చేతికి వచ్చిన పాటను మళ్లీ ముట్టుకోవడమే అపచారం అంటారు. పాటంటే ప్రాణం పెట్టేవాళ్ల నోటే ఈ మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. అందుకే వీటికి ఓపిగ్గా జవాబు చెప్పాలి.

ముందు వాళ్ల వాదనను వాళ్లు ఒప్పుకునే తీరులోనే చెబుతాను. ఆల్బమ్ విడుదలైన రోజున ఎలా ఉందో అదే కళాకారులు సంతకం పెట్టిన రూపం. ఆనాటి మెషిన్లు, ఆనాటి గదులు, ఆనాటి పొరపాట్లు కూడా అందులో భాగమే. పాతికేళ్ల తర్వాత ఇంకో ఇంజనీరు వచ్చి దిద్దితే అందులో వినిపించేది అతని అభిరుచి. అతను సరిచేశానంటున్న తేడా మామూలు చెవికి తెలియదు. ఇక ఇప్పటిదాకా వచ్చిన రీమాస్టర్లలో చాలా వాటిని గోల పెంచడానికే చేశారు. జనం ఇన్నేళ్లుగా గుండెల్లో పెట్టుకున్నది పాతదాన్నే. కాబట్టి దాన్ని అలాగే వదిలేయాలి.

గోల పెంచారన్న ఒక్క ఆరోపణ నిజం. దాని సంగతి తర్వాత చూస్తాను. మిగతావేవీ ఒక్క ఆల్బమ్ ముందు కూడా నిలబడవు. ఆ ఆల్బమ్ ఎక్స్‌టీసీ బ్యాండు చేసిన ‘స్కైలార్కింగ్’.

ఎక్స్‌టీసీది ఇంగ్లండులోని స్విండన్ పట్టణం. పాటలు రాసి పాడేవాళ్లు ఇద్దరు, ఆండీ పార్ట్రిడ్జ్, కోలిన్ మోల్డింగ్. గిటారు, కీబోర్డులు, వయొలిన్ల కూర్పు డేవ్ గ్రెగరీవి. పార్ట్రిడ్జ్‌కు వేదిక ఎక్కాలంటే భయం పట్టుకోవడంతో 1982లో కచేరీలు పూర్తిగా ఆపేశారు. అప్పటినుంచి వీళ్లను జనం కలుసుకోగలిగింది రికార్డుల్లోనే. రికార్డులో ఏం వినిపిస్తుందన్నది ఇలాంటి బ్యాండుకు ప్రాణం మీది విషయం. ‘స్కైలార్కింగ్’ 1986 అక్టోబరులో వచ్చింది. వేసవి పగటి పురుగుల చప్పుడుతో మొదలై, రాత్రి నెగడు దగ్గర ముగుస్తుంది. ఒక పాట ఆగకుండానే తర్వాతి పాటలోకి జారిపోతుంది. పాప్ సంగీతంలో ఇంత అల్లిక ఉన్న ఆల్బమ్‌లు నేను విన్నంతలో చాలా తక్కువ.

1. విడుదలైనదే కళాకారుల సంతకమా?

ఈ వాదనకు పునాది రాయి ఇదే. స్టూడియోలో జరిగిందేమిటో చూస్తే ఈ రాయి కదులుతుంది.

బ్యాండు రికార్డులు అమెరికాలో అమ్ముడుపోవడం లేదని, ఈసారి అమెరికన్ ప్రొడ్యూసర్ కావాలని వర్జిన్ కంపెనీ పట్టుబట్టింది. అలా వచ్చినవాడు టాడ్ రండ్‌గ్రెన్. గ్రెగరీ అప్పటికే అతని అభిమాని. రండ్‌గ్రెన్ డెమో టేపులు విని, రికార్డింగు మొదలు కాకముందే ఏ పాట తర్వాత ఏ పాట రావాలో నిర్ణయించేశాడు. చాలామటుకు న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ దగ్గరి అతని స్టూడియోలోనే రికార్డు చేశారు. డ్రమ్స్, బేస్ కోసం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లారు. అక్కడ డ్రమ్స్ వాయించిన ప్రెయరీ ప్రిన్స్ కూడా బ్యాండు సభ్యుడు కాడు. పార్ట్రిడ్జ్‌కూ రండ్‌గ్రెన్‌కూ పని జరిగినన్నాళ్లూ పొసగలేదు. చివరికి వచ్చిన మిక్స్ ఎవరికీ నచ్చక వెనక్కి పంపి మళ్లీ చేయించుకున్నారు.

దీన్ని నేను రండ్‌గ్రెన్ మీద నేరంగా చెప్పడం లేదు. ఆ ఆల్బమ్‌కు ఆ అల్లిక వచ్చిందంటే చాలావరకు అతని వల్లే. నేను చెప్పేదల్లా ఒకటే. విడుదలైన రోజు ఉన్న రూపంలో కళాకారుల ఇష్టంతో పాటు కంపెనీ గడువు, బడ్జెట్, అలసట, రాజీ కూడా కలిసి ఉంటాయి. వీటన్నింటినీ కలిపి సంతకం అనేసి, అదే కళాకారుడు తర్వాత నోరు తెరిచి ఇది నేను అనుకున్న ధ్వని కాదంటే వినబోమనడంలో కళాకారుడి మీద గౌరవం ఎక్కడుంది? ఆ గౌరవమంతా ఒక తేదీకి దక్కుతోంది.

అసలు ఆ తేదీకి కూడా ఒకే రూపం లేదు. బ్రిటన్‌లో విడుదలైన ‘స్కైలార్కింగ్’లో ‘డియర్ గాడ్’ పాట లేదు. ‘గ్రాస్’ సింగిల్‌కు రెండో వైపు దాన్ని పడేశారు. అమెరికాలో రేడియోవాళ్లు ఆ రికార్డును తిప్పి ఆ పాటే వెయ్యడం మొదలుపెట్టారు. గొడవా జరిగింది, పేరూ వచ్చింది. దాంతో అమెరికాలోని తర్వాతి ముద్రణల్లో గెఫెన్ కంపెనీ దాన్ని చేర్చి, చోటు కోసం ‘మెర్మెయిడ్ స్మైల్డ్’ను తీసేసింది. ఆ దేశంలో ఈ ఆల్బమ్‌ను ప్రేమించినవాళ్లలో చాలామందికి ఒరిజినల్ అంటే ఆ రెండో రూపమే. స్విండన్ కుర్రాడికి ఒరిజినల్ ఇంకొకటి. ముట్టుకోవద్దనేవాళ్లు ముందు ఏ ఒరిజినల్‌ని ముట్టుకోవద్దంటున్నారో చెప్పాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. సుమారు 45 నిమిషాల సంగీతాన్ని ఒక్క ఎల్పీ మీద ఎక్కించాలి. ప్లేటు మీద గాడి ఎంత వెడల్పుంటే బేస్‌కు అంత చోటు దొరుకుతుంది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటితే గాళ్లు దగ్గర దగ్గరగా కోయాలి, అప్పుడు బేస్‌నో శబ్ద స్థాయినో తగ్గించక తప్పదు. ఆ కోత ప్లాస్టిక్ పళ్లేనికి ఉన్న పరిమితి, కళాకారుడు కోరుకున్నది కాదు. 2010లో ఇదే ఆల్బమ్‌ను రెండు ప్లేట్ల మీద అచ్చువేసినప్పుడు ఆ ఇరుకు తొలగింది.

2. తేడా చెవికి తెలియదా?

ఇక్కడ కాస్త ఆగాలి. తెలివైన విమర్శ ఇదొక్కటే.

2010లో వినైల్ ముద్రణ కోసం మాస్టరింగ్ ఇంజనీర్ జాన్ డెంట్ ఆ టేపును చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడో మల్టీట్రాక్ మెషిన్‌కూ స్టీరియో మెషిన్‌కూ మధ్య వైర్లలో ప్లస్, మైనస్ తారుమారయ్యాయని, ఆల్బమ్ అంతా పోలారిటీ తిరగబడి రికార్డయిందని తేల్చాడు. బేస్ పలచబడటానికీ లోతు పోవడానికీ అదే కారణమన్నాడు. దాన్ని సరిచేసి విడుదల చేశారు. రండ్‌గ్రెన్ ఈ నిర్ధారణను ఒప్పుకోలేదు.

పోలారిటీ అంటే ఇది. బేస్ డ్రమ్ కొడితే ముందు గాలి మనవైపు తోసుకొస్తుంది. స్పీకర్‌లోని కోన్ కూడా ముందు బయటికి తోసి, తర్వాత లోపలికి వెళ్లాలి. వైర్లు తారుమారైతే ముందు లోపలికి పీల్చి, తర్వాత తోస్తుంది. తరంగం అదే, తలకిందులుగా వస్తుంది.

విమర్శకుల మాట ఏమిటంటే, ఎడమ కుడి రెండు చానెళ్లూ కలిసి తిరగబడితే మనిషి చెవి పోల్చుకోలేదు, కాబట్టి ఇదంతా అమ్మకపు ఎత్తు. మొదటి సగం చాలా సందర్భాల్లో నిజమే. ఒకే తీరులో సాగే స్వరాన్ని తలకిందులు చేస్తే తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. డ్రమ్, ట్రంపెట్, గొంతు లాంటి వాటి తరంగంలో పైభాగమూ కిందిభాగమూ సమానంగా ఉండవు. అలాంటి చోట కొన్ని స్పీకర్ల మీద, శ్రద్ధగా విన్నప్పుడు తేడా తెలుస్తుంది. అదీ చిన్నదే. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు.

‘కాబట్టి’ అన్న మాట దగ్గరే తర్కం తెగిపోతుంది. ఈ కారణం చిన్నది అనడం వేరు, ఈ తేడా అబద్ధం అనడం వేరు. డెంట్ వైర్లు మార్చి ఊరుకోలేదు. టేపు నుంచి కొత్తగా మాస్టర్ చేశాడు, రెండు ప్లేట్లకు సరిపడా చోటుతో కోశాడు. కొత్త ముద్రణలో వినిపించే నిండుదనంలో పోలారిటీ వాటా ఎంత, మాస్టరింగ్ వాటా ఎంత అన్నది న్యాయమైన ప్రశ్న. దాన్ని తేల్చుకోవడం కష్టం కూడా కాదు. పాత సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశంతో పోలారిటీ తిప్పి వినండి. తర్వాత కొత్త ముద్రణ అంతే శబ్ద స్థాయిలో వినండి. తిప్పిన పాతదానికీ కొత్తదానికీ మధ్య మిగిలిన తేడా మాస్టరింగ్‌ది. పావుగంట పని. నేను చేసి చూశాను. నా చెవికి తేడాలో పెద్ద వాటా మాస్టరింగ్‌దే. డెంట్ చెప్పిన కారణం గురించి నాకు సందేహం మిగిలింది కానీ, అతను చేసిన పని మెరుగైనదన్న విషయంలో మాత్రం ఏ సందేహమూ లేదు. మోల్డింగ్ బేస్ గిటారు ఎక్కడ నడుస్తోందో ఇప్పుడు వేలు పెట్టి చూపించగలను.

మరో చిక్కు ఉంది. తేడా ఏమీ వినిపించదనేవాళ్లే రీమాస్టర్ ఒరిజినల్‌ని పాడుచేసిందని కూడా అంటారు. రెండూ కలిసి నిజం కాలేవు. చెవికి తెలియని మార్పు పాటను పాడుచేయలేదు. పాటను పాడుచేసిందంటే ఆ మార్పు చెవికి తెలిసినట్టే. ఏదో ఒక మాట వదులుకోవాలి.

3. ఇదంతా కంపెనీ దురాశేనా?

ఈ ఆల్బమ్ విషయంలో ఇది సూటిగా తప్పు. 2010 ముద్రణను తెచ్చింది ఏప్ హౌస్. అది పార్ట్రిడ్జ్ సొంత లేబుల్. వర్జిన్‌తో డెబ్బైలలో కుదుర్చుకున్న ఒప్పందం తమకు దక్కాల్సింది దక్కనివ్వడం లేదని తొంభైలలో బ్యాండు ఏళ్ల తరబడి సమ్మె చేసింది, కొత్త రికార్డు ఇవ్వకుండా కూర్చుంది. అలాంటి మనుషులు తమ పాటలను తమ చేతుల్లోకి తెచ్చుకుని, తాము అనుకున్న ధ్వనితో అమ్ముకుంటే దురాశ అనడం అన్యాయం. పాత సీడీ కొంటే పుణ్యం, కొత్తది కొంటే మోసపోవడం అన్నట్టు మాట్లాడేవాళ్లు మొదటి డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందో కూడా అడగాలి.

4. రీమాస్టర్ అంటే గోల పెంచడమేనా?

ఇందులో నిజం ఉందని ముందే ఒప్పుకున్నాను. డిజిటల్ రికార్డుకు ఒక కప్పు ఉంటుంది, దాన్ని దాటి ఏ శబ్దమూ లేవదు. తొంభైల నుంచి చాలా రీమాస్టర్లలో పెద్ద చప్పుళ్లను కప్పు దగ్గరే నొక్కేసి, చిన్న చప్పుళ్లను పైకి లాగారు. మొదటి క్షణంలో హుషారుగా ఉంటుంది, పదో నిమిషానికి చెవి అలసిపోతుంది. మృదువుగా మొదలై ఉప్పొంగే పాటలో ఉప్పొంగడమే పోతుంది. ఇగ్గీ పాప్ 1997లో తన బ్యాండు పాత ఆల్బమ్ ‘రా పవర్’ను తానే రీమిక్స్ చేసి శబ్దం చిట్లిపోయేంతగా పెంచాడు. ఆ ఆల్బమ్ 1973లో మొదట వచ్చినప్పటి డేవిడ్ బోవీ మిక్స్‌ను 2010లో మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. ఆ 1997 డిస్కును నేను సమర్థించను.

అయితే అక్కడ తప్పు చేసింది ఫలానా సంవత్సరాల్లో ఫలానా పనితనం. చెడ్డ కుట్టుపని చూసి బట్టలు బాగుచేయడమే నేరమని ఎవరూ అనరు. పైగా ఆ జబ్బుకు కారణమైన పోటీ ఇప్పుడు సడలింది. స్ట్రీమింగ్ సర్వీసులు చాలావరకు పాటలన్నింటినీ ఒక స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి. గోల పెంచినవాడికి దక్కే లాభం లేదు.

అసలు కోపం ఎక్కడ చూపించాలో చెబుతాను. స్ట్రీమింగ్‌లో ఒకరోజు మీ ఆల్బమ్ పాత రూపం చడీచప్పుడు లేకుండా మాయమై, దాని చోట రీమాస్టర్ కూర్చుంటుంది. ఏ టేపు నుంచి చేశారు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏం మార్చారు అన్న వివరం ఉండదు. ఇది నిజమైన అపరాధం. పాతదీ దొరకాలి, కొత్తదీ దొరకాలి, కొత్తదాని మీద ఈ నాలుగు వివరాలూ అచ్చుకావాలి. 2016లో స్టీవెన్ విల్సన్ మల్టీట్రాక్ టేపుల నుంచి ‘స్కైలార్కింగ్’కు కొత్త స్టీరియో, సరౌండ్ మిక్స్‌లు చేసినప్పుడు ఆ సీడీ, బ్లూ-రే ప్యాకెట్‌లోనే రండ్‌గ్రెన్ మిక్స్‌ను, డెమోలను పెట్టారు. విల్సన్ పాత మిక్స్‌ను పక్కన పెట్టుకుని దాని అడుగుల్లోనే నడిచాడు. ‘1000 అంబ్రెల్లాస్’లో గ్రెగరీ రాసిన వయొలిన్ల వరసలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా విడివిడిగా వినిపిస్తాయి. పాతది కావాలన్నవాడికి పాతదీ అక్కడే ఉంది. వాళ్ల చేతిలోంచి ఎవరు ఏం లాక్కున్నారు?

5. మనం ప్రేమించింది పాతదాన్ని కదా?

ఈ మాట నన్ను కూడా తాకుతుంది. మా ఇంట్లో టేప్ రికార్డర్ మోటారు కాస్త వేగంగా తిరిగేది. ఘంటసాల గొంతు ఉండాల్సిన శ్రుతికి కొంచెం పైనే వినిపించేది. ఏళ్లపాటు అలాగే విని, మొదటిసారి బంధువుల ఇంట్లో సరైన వేగంలో విన్నప్పుడు నాకు అదే తప్పనిపించింది. పాట నీరసంగా ఉందని మా అమ్మతో వాదించాను కూడా. ఆ పాత క్యాసెట్టు మీద నాకు ప్రేమ ఉంది. అంతమాత్రాన ఘంటసాల ఆ శ్రుతిలో పాడినట్టు కాదు.

మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు కూడా ఇదే జరిగింది. 1959లో రికార్డు చేసిన మెషిన్ కాస్త నెమ్మదిగా తిరగడంతో మొదటి వైపు మూడు ట్యూన్లూ ఎల్పీలో ఉండాల్సిన శ్రుతికి పైన పలికాయి. 1992లో దాన్ని సరిచేశారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా ప్రేమించింది తప్పు శ్రుతినే. ఆ ప్రేమ నిజం, ఆ శ్రుతి తప్పు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు.

కళాఖండాన్ని ఏమైనా చేయొచ్చని నేననడం లేదు. మనకు తెలిసిన ఉదాహరణ ‘మాయాబజార్’. 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల కోసమే వెలుతురు పరిచాడు. 2010లో దానికి రంగులద్దారు. ఏ చీరకు ఏ రంగు, ఏ గోడకు ఏ రంగు అన్న నిర్ణయాలు అతనివి కావు, లేనిదాన్ని తెచ్చి చేర్చారు. దాన్ని వ్యతిరేకించేవాళ్లతో నేను నిలబడతాను. నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ లక్షణాన్ని ఎవరైనా కోరుకున్నారా? 1994లో ఆర్.ఈ.ఎమ్. బ్యాండు ‘మాన్‌స్టర్’లో గిటార్ల హోరును కావాలనే ముందుకు తెచ్చింది. 2019లో ప్రొడ్యూసర్ స్కాట్ లిట్ చేసిన రీమిక్స్ దాన్ని వెనక్కి నెట్టింది. నాకు పాతదే సరైనది, అది కూడా ఆ సెట్‌లోనే దొరుకుతుంది. తారుమారైన వైర్లను మాత్రం ఎవరూ కోరుకోలేదు. వేగం తప్పిన మోటారునూ కోరుకోలేదు. ఇరుకైన గాడినీ కోరుకోలేదు. వీటిని సరిచేయడం రంగులద్దడం కాదు, గాజు మీది దుమ్ము తుడవడం.

6. అలాగే వదిలేయాలా?

చివరికి అందరూ వచ్చి ఆగేది ఈ మాట దగ్గరే. వినడానికి వినయంగా ఉంటుంది. వదిలేస్తే టేపు అలాగే ఉంటుందన్న నమ్మకం మీద నిలబడిన మాట ఇది, ఆ నమ్మకం తప్పు. డెబ్బై, ఎనభైలలో వాడిన చాలా రకాల టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అలాంటి టేపును మెషిన్ మీద పెడితే తలకు అంటుకుని కిర్రుమంటుంది, పొడి రాలిపోతుంది. రాలిన పొడితో పాటే పాట కూడా పోతుంది. దాన్ని తక్కువ వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి, కొన్నాళ్లపాటు మాత్రమే వాయించడానికి పనికొచ్చేలా చేసి, ఆ వ్యవధిలో డిజిటల్‌లోకి ఎత్తుకోవాలి. 2008లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ ఆవరణలో మంటలు రేగినప్పుడు ఎన్ని మాస్టర్ టేపులు కాలిపోయాయన్న దానిమీద ఇప్పటికీ వాదన తెగలేదు. ఎక్స్‌టీసీ ఆల్బమ్‌లన్నింటికీ విల్సన్ మిక్స్ రాలేకపోవడానికి కొన్ని మల్టీట్రాక్ టేపుల ఆచూకీ దొరకకపోవడం ఒక కారణం.

ఆ డబ్బాలను గోడౌన్‌లోంచి బయటికి తీయడానికి, టేపును ఆరబెట్టడానికి, అనుభవం ఉన్న ఇంజనీరును కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు పునర్ముద్రణ అమ్మకాల నుంచే. మ్యూజియం లేని కళకు ఈ అమ్మకమే మ్యూజియం. రీమాస్టర్లను మొత్తంగా బహిష్కరించమంటున్నవాళ్లు, తెలిసో తెలియకో, ఆ తలుపు మూసేయమంటున్నారు.

‘స్కైలార్కింగ్’ టేపు పాతికేళ్లకు దగ్గరపడ్డాక జాన్ డెంట్ మెషిన్ మీదికి ఎక్కింది. ఎక్కబట్టే వైర్ల సంగతి బయటికొచ్చింది, దానిమీద తగాదా వచ్చింది, ఇప్పుడు నేనూ మీరూ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని ఎవరిది నిజమో విని తేల్చుకోగలుగుతున్నాం. పార్ట్రిడ్జ్ ఇది నేను కోరిన ధ్వని అని చెప్పగలిగిన రోజుల్లో, రండ్‌గ్రెన్ కాదని జవాబివ్వగలిగిన రోజుల్లో, టేపు ఇంకా తిరుగుతుండగానే ఆ పని జరిగింది. ఆ వరసలో ఇంకా చాలా డబ్బాలు మూత తీయకుండా ఉన్నాయి.